మ్యాప్‌లో ఎరుపు లేదు, అయినా అందరూ ఆపుతున్నారు

ఈసారి వచ్చిన ఉత్తరం పెద్దది. పేరు, ఊరు, దేశం ఏవీ రాయలేదు. ‘ఒక మహానగరంలో ఉంటున్నాను’ అని మాత్రం రాశారు. కుదించి చెబుతాను.

ఆయనకు ముప్పై దాటాయి. రోజంతా ఆఫీసులో స్క్రీన్ ముందే గడిచిపోతుంది. ఫొటోలంటే మొదట్నుంచీ ఇష్టం. డబ్బు దాచుకుని కెమెరా ఉన్న చిన్న డ్రోన్ కొన్నారు. బరువు 249 గ్రాములు. ‘ఇంత చిన్నదానికి రూల్స్ ఏమీ ఉండవు సార్’ అని అమ్మినతను చెప్తే నమ్మారు. ముందు తాము ఉండే పది అంతస్తుల అపార్ట్‌మెంట్ టెర్రస్ మీంచి ఎగరేశారు. ఎదురు బ్లాకులో ఉండే ఒకావిడ, తన పడకగది కిటికీ ముందు డ్రోన్ ఆగి ఉందని అసోసియేషన్‌కి ఫిర్యాదు చేశారు. తాను అటు చూడనే లేదని, గాలికి డ్రోన్ పక్కకు జరుగుతుంటే నిలబెట్టుకోవడానికి తంటాలు పడ్డానని ఈయన అంటున్నారు. టెర్రస్ గొడవ వద్దనుకుని ఒక పెద్ద పార్కుకి వెళ్తే సెక్యూరిటీ గార్డు ఆపాడు. ఫోన్‌లో, ఎగరేయకూడని చోట్లను ఎరుపులో చూపించే డ్రోన్ మ్యాప్ తెరిచి ‘ఇదిగో చూడండి, ఇక్కడ ఎరుపు లేదు’ అని చూపిస్తే, ‘అదంతా నాకు తెలీదు, ఇక్కడ కుదరదు’ అన్నాడట. ఆ తర్వాత ఫ్లైఓవర్ పక్కన ఖాళీ స్థలంలో ఎగరేస్తుంటే పోలీసులు వచ్చి పేరు, ఫోన్ నంబరు రాసుకుని, హెచ్చరించి వదిలేశారు. అప్పట్నుంచి ఆయన భార్యకు ఒకటే టెన్షన్, అమ్మేయమంటున్నారు. ఇంతలో బాబాయి కూతురి పెళ్లి దగ్గర పడింది. ‘మావాడి దగ్గర డ్రోన్ ఉంది, పైనుంచి వీడియో వాడే తీస్తాడు’ అని బాబాయి చుట్టాలందరికీ చెప్పేశారు. ఇప్పుడు కాదంటే చిన్నబుచ్చుకుంటారు.

ఆయన అడిగింది ఇది: ‘నేను చట్టం ప్రకారమే ఎగరేయాలనుకుంటున్నాను. ఇంత పెద్ద నగరంలో అలాంటి చోటు ఒక్కటైనా ఉందా? రాత్రిపూట ఎవరూ లేనప్పుడు ఎగరేస్తే ఇబ్బందా? లేక అమ్మేయడమే మంచిదా?’

ముందు ఆ పార్కు గార్డు దగ్గరికే వెళ్దాం. మీ ఉత్తరంలో అతని మీదే ఎక్కువ కోపం కనిపించింది. మీ దగ్గర ఆధారం ఉంది, అతని దగ్గర లేదు, అయినా అతనే గెలిచాడు అన్నది మీ బాధ. నా దృష్టిలో అతనన్నది సరైన మాటే. మీరు చూపించిన మ్యాప్ ఆకాశం గురించి చెబుతుంది. అక్కడి గాలిలోకి డ్రోన్ రావడానికి విమానయాన శాఖకు అభ్యంతరం ఉందా లేదా అన్నంతవరకే దాని పని. మీరు నిలబడ్డ గడ్డి ఎవరిదో దానికి తెలీదు. గార్డు మాట్లాడింది గడ్డి గురించి. ఆకాశం మీద అధికారం ఒకరిది, నేల మీద అధికారం ఇంకొకరిది. మహానగరాల్లో డ్రోన్ కొన్నవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే.

న్యూయార్క్ సంగతే చూడండి. అక్కడి ఆకాశం కేంద్ర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ చేతిలో ఉంది. కానీ నగరంలో ఎక్కడ టేకాఫ్ అవ్వాలి, ఎక్కడ దిగాలి అన్నది నగరం చూసుకుంటుంది. ఇలాంటి చిన్న డ్రోన్లు రాకముందు, విమానాల కోసం రాసుకున్న పాత నిబంధన అది. దాని పుణ్యమా అని చాలాకాలం అక్కడ డ్రోన్ ఎగరేయడం దాదాపు అసాధ్యంగా ఉండేది. 2023 జులైలో నగరం పర్మిట్ పద్ధతి పెట్టింది. కనీసం 30 రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. ఎఫ్‌ఏఏ మ్యాప్‌లో ఎంత పచ్చగా ఉన్నా ఆ కాగితం లేకుండా పేవ్‌మెంట్ మీంచి డ్రోన్ లేపితే తప్పే. లండన్‌లో రాయల్ పార్కుల్లో డ్రోన్లు నిషేధం. అమెరికా జాతీయ పార్కుల్లో 2014 నుంచి టేకాఫ్, ల్యాండింగ్ రెండూ కుదరవు. వీటిలో చాలావరకు ఆకాశానికి పెట్టిన నిషేధాలు కావు, నేలకి పెట్టినవి.

కాబట్టి మళ్లీ పార్కుకి వెళ్లాలనుకుంటే గార్డుతో వాదించకండి, అతని చేతిలో ఏమీ లేదు. పార్కు ఏ శాఖ కిందికి వస్తుందో కనుక్కుని, ఆ ఆఫీసుకి రాతపూర్వకంగా రాయండి. ఏ రోజు, ఏ మూల, ఎంతసేపు, డ్రోన్ బరువెంత, ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నీ అందులో ఉండాలి. చాలాసార్లు ‘కుదరదు’ అనే జవాబే వస్తుంది, ఒక్కోసారి జవాబే రాదు. కానీ వారం మధ్యలో, తెల్లవారుజామున, జనం లేని మూలన గంటసేపు అని అడిగితే ఒప్పుకునేవాళ్లూ ఉంటారు. ఆ కాగితం జేబులో ఉంటే మళ్లీ పోలీసులు వచ్చినా సంభాషణ వేరేలా ఉంటుంది.

ఇక ఆకాశం వైపు. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కాబట్టి ఫలానా సెక్షన్ అని చెప్పలేను. అంకెలు మారినా అన్నిచోట్లా పద్ధతి మాత్రం ఒకేలా ఉంటుంది. నేల నుంచి 120 మీటర్లు, అంటే దాదాపు 400 అడుగులు, సాధారణ పరిమితి. అమెరికా, యూరప్, బ్రిటన్, భారత్ అన్నిచోట్లా ఇంచుమించు ఇదే. మనుషులు ప్రయాణించే విమానాలు, హెలికాప్టర్లు మామూలుగా అంతకంటే పైన తిరుగుతాయి కాబట్టి మధ్యలో కొంత ఖాళీ మిగలాలని ఈ లెక్క. ఎయిర్‌పోర్టు దగ్గరికి వచ్చేకొద్దీ ఆ కప్పు కిందికి దిగుతుంది. భారత్‌లో 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే మ్యాప్‌లో పచ్చగా ఉన్నచోట, 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. అదే, నడుస్తున్న ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకానే ఆ వెసులుబాటు. అమెరికాలో ఎయిర్‌పోర్టుల చుట్టూ ఆకాశాన్ని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో ఎత్తు పెట్టారు. యాప్‌లో అడిగితే చాలాసార్లు సెకన్లలో అనుమతి వస్తుంది, సున్నా అని రాసి ఉన్న గడిలో మాత్రం అలా రాదు. మహానగరాల్లో ఒకటికి రెండు ఎయిర్‌పోర్టులు, మిలిటరీ స్థావరాలు, ఆసుపత్రుల మీద హెలిప్యాడ్లు ఉంటాయి. అందుకే మ్యాప్‌లో అడ్డు లేకుండా ఖాళీగా కనిపించే చోటు ఎప్పుడూ ఊరి అంచునే దొరుకుతుంది.

ఇది రోజురోజుకీ మారుతుంది కూడా. అమెరికాలో 30,000 మందో అంతకంటే ఎక్కువో పట్టే స్టేడియంలో పెద్ద లీగ్ మ్యాచ్ ఉందనుకోండి. మ్యాచ్‌కి గంట ముందు నుంచి, అయిపోయిన గంట తర్వాత దాకా చుట్టూ 3 నాటికల్ మైళ్ల (దాదాపు ఐదున్నర కిలోమీటర్ల) లోపల ఎగరేయకూడదు. ప్రముఖుల పర్యటనలు, అగ్నిప్రమాదాలు, ఊరేగింపులు, అన్నిటికీ తాత్కాలిక నిషేధాలు వస్తాయి. నిన్న చూసిన మ్యాప్ ఈ రోజుకి పనికిరాదు. బయల్దేరే ముందు ఒకసారి, అక్కడికి చేరాక ఇంకోసారి చూడండి. చూసింది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

‘డ్రోన్ లేచింది కదా, అంటే ఇక్కడ పర్మిషన్ ఉన్నట్టే’ అని మీరు ఒకచోట రాశారు. ఆ ధీమా వద్దు. ఒకప్పుడు డీజేఐ అనే కంపెనీ డ్రోన్లు చాలా నిషేధిత ప్రాంతాల్లో లేవనే లేచేవి కావు. 2025 జనవరిలో ఆ కంపెనీ అమెరికాలో ఆ అడ్డు తీసేసి, స్క్రీన్ మీద హెచ్చరిక మాత్రం చూపించే పద్ధతికి మారింది. ఇప్పుడు బాధ్యత కంట్రోలర్ పట్టుకున్నవారిదే.

249 గ్రాముల సంగతి. ఆ అంకె ఊరికే రాలేదు. చాలా దేశాల్లో 250 గ్రాముల దగ్గర గీత ఉంది, కంపెనీలు దానికి ఒక గ్రాము కింద ఆగాయి. దానివల్ల కొన్ని తిప్పలు తప్పుతాయి, నిజమే. భారత్‌లో ఇలాంటి నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అమెరికాలో సరదాకి ఎగరేసేవాళ్లకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చిన్న ఆన్‌లైన్ పరీక్ష మాత్రం ఉంటుంది. కానీ యూరప్‌లో కెమెరా ఉంటే ఇంత చిన్నదానికీ యజమాని రిజిస్టర్ చేసుకోవాలి. జపాన్‌లో గీత 100 గ్రాముల దగ్గరే ఉంది. బ్రిటన్ కూడా 2026 జనవరి 1 నుంచి ఎగరేసేవారి పరీక్షకి 100 గ్రాముల గీత పెట్టింది. ఇక ఎత్తు పరిమితి, నిషేధిత ప్రాంతం, కంటిచూపు మేరలో ఉంచడం లాంటివి బరువుతో పోవు. అమ్మినతను పూర్తి అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు.

టెర్రస్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మీరు మళ్లీ అక్కడికే వెళ్తారని నాకు అనుమానం. లిఫ్ట్ ఎక్కితే చాలు కదా! మీ స్క్రీన్ మీద కనిపించే ఎత్తు, డ్రోన్ లేచిన చోటు నుంచి కొలిచింది. పదో అంతస్తు పైన, అంటే వీధి నుంచి సుమారు 30 మీటర్ల ఎత్తున నిలబడి డ్రోన్‌ని లేపారు. స్క్రీన్ మీద 100 అని కనిపిస్తోంది, ఇంకా 20 మీటర్లు ఉందనుకుంటారు. వీధి మీదికి వచ్చిన ఆ డ్రోన్ నిజానికి 130 మీటర్ల ఎత్తున ఉంది, పరిమితి ఎప్పుడో దాటేసింది. సెట్టింగ్స్‌లో గరిష్ఠ ఎత్తు 120 అని పెట్టుకున్నా లాభం లేదు, అదీ టెర్రస్ నుంచే లెక్క. ‘రిటర్న్ టు హోమ్’, అంటే డ్రోన్ తనంతట తాను లేచిన చోటికి తిరిగొచ్చేటప్పుడు ఎగిరే ఎత్తు, దానిదీ అదే తంటా. తక్కువ పెడితే పక్క టవర్‌కి కొట్టుకుంటుంది, ఎక్కువ పెడితే రూల్ దాటుతుంది.

పైగా టెర్రస్ స్లాబు నిండా ఇనుప చువ్వలు. నేల మీద పెట్టి ఆన్ చేస్తే డ్రోన్‌లోని దిక్సూచి తికమకపడుతుంది. ఎత్తయిన భవనాల మధ్య జీపీఎస్ సిగ్నల్ గోడలకి తగిలి తిరిగి వస్తుంది, దాంతో డ్రోన్ తానెక్కడుందో కొన్ని మీటర్లు తప్పుగా అనుకుంటుంది. రెండు బ్లాకుల మధ్య సందులో గాలి కూడా పిచ్చిగా వీస్తుంది. మీది ఆ కిటికీ వైపు జరిగిపోయిందంటే ఆశ్చర్యం లేదు. మీరు చెప్పింది నమ్ముతాను.

కానీ ఎదురింటి ఆవిడ కిటికీలోంచి ఒకసారి చూడండి. గుయ్యిమంటూ ఒక యంత్రం, దానికి ముందు కెమెరా, పడకగది ముందు ఆగింది. అది ఎటు చూస్తోందో, రికార్డు చేస్తోందో లేదో, ఎగరేస్తున్నది ఎవరో ఆవిడకు తెలిసే దారి లేదు. ‘నేను తీయలేదు’ అన్నది మీకు తెలిసిన నిజం. ఆవిడకు తెలిసింది భయం ఒక్కటే. ఇక్కడ విమానయాన రూల్స్ మీకు అక్కరకు రావు. ఇంట్లో ఉన్న మనిషి ఏకాంతానికి చాలా దేశాల్లో వేరే చట్టాలున్నాయి, అవి డ్రోన్ బరువు అడగవు.

మీ ముందు రెండు దారులున్నాయి. అసోసియేషన్‌కి ‘నేను ఏ తప్పూ చేయలేదు’ అని జవాబు రాసి ఊరుకోవచ్చు. అప్పుడు మాటకు మాట పెరిగి, టెర్రస్ మీద డ్రోన్ వద్దని తీర్మానం పాస్ అవుతుంది, ఆవిడ పోలీసుల దాకా వెళ్లొచ్చు. పోలీసులు ఒకసారి మీ పేరు రాసుకున్నారని మర్చిపోకండి. లేదంటే మీరూ మీ ఆవిడా కలిసి వెళ్లి మాట్లాడొచ్చు. ఇద్దరూ వెళ్లడం మంచిది, ఒంటరిగా వెళ్తే ఆవిడ తలుపు తీయడానికే ఇబ్బంది పడొచ్చు. గాలి, జీపీఎస్ అని పాఠం చెప్పకండి. ‘మిమ్మల్ని భయపెట్టాను, క్షమించండి, ఇక టెర్రస్ మీంచి ఎగరేయను’ అనండి. అడిగితే ఆ రోజు వీడియో చూపించండి, ఆవిడ ఎదుటే తీసేయండి. ఫిర్యాదు మాత్రం ఇప్పటికే పోలీసుల దాకా వెళ్లి ఉంటే దేన్నీ తీసేయకండి, ఆ వీడియోనే మీకు సాక్ష్యం. నేనైతే రెండో దారే పడతాను. దానికి ఖర్చు కొంచెం మొహమాటం, అంతే.

రాత్రిపూట అన్నారు. వద్దు. కొన్ని దేశాల్లో రాత్రి ఎగరేయడం అసలు తప్పు కాదు. అమెరికాలో మూడు మైళ్ల దూరం నుంచి కనిపించే లైటు పెట్టుకుని ఎగరేయొచ్చు. కానీ మీరడిగింది లైటు పెట్టుకుని కాదు, ఎవరికీ కనిపించకుండా. అందులో ఇంకో సంగతి ఉంది. కొత్త డ్రోన్లలో చాలావరకు తామెక్కడున్నాయో, నడిపేవారు ఎక్కడున్నారో రేడియో సంకేతాలతో చెబుతూనే ఉంటాయి. మీ మోడల్‌లో ఆ సదుపాయం ఆన్‌లో ఉంటే, చీకట్లో మీరు దాక్కున్నా అది మీ అడ్రసు చెప్పేస్తుంది. వైర్లు, యాంటెన్నాలు, క్రేన్లు చీకట్లో మీకు కనిపించవు. కింద పడి ఎవరికైనా తగిలితే, రూల్ దాటిన ప్రయాణానికి ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టకపోవచ్చు.

కంటిచూపు మేర అన్న రూల్‌ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ మంటలప్పుడు ఒకాయన పార్కింగ్ భవనం పై అంతస్తు నుంచి, మంటలు చూద్దామని డ్రోన్ లేపాడు. అది కళ్లకి ఆనకుండా పోయింది. నీళ్లు చల్లుతున్న విమానం రెక్కకి తగిలి బొక్క పడింది. ఆ విమానం మరమ్మతుకి వెళ్లింది, డ్రోన్ యజమాని కోర్టులో నేరం ఒప్పుకోవాల్సి వచ్చింది. అతనికీ చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. మీ చిన్న డ్రోన్ రెండొందల మీటర్లు దాటితే చుక్క అయిపోతుంది, ఒక భవనం అడ్డొస్తే ఆ చుక్కా ఉండదు. స్క్రీన్‌లో కనిపించడాన్ని చట్టం చూడటం కింద లెక్కపెట్టదు.

అయితే ఎక్కడ ఎగరేయాలి? నగరం అంచుల్లో మోడల్ విమానాలు ఎగరేసే క్లబ్బులు ఉంటాయి. మనలో చాలామందికి వాటి గురించి తెలీదు. వాళ్లకి సొంత మైదానం, దానికి అనుమతులు, కొన్నిచోట్ల సభ్యులకి ఇన్సూరెన్స్ కూడా ఉంటాయి. చేరితే మొదట్లో మీకు కాస్త విసుగు పుడుతుంది. ఖాళీ మైదానం పైనుంచి ఎన్నిసార్లు తీస్తే మాత్రం ఏం ఫొటో వస్తుంది! కానీ గాలిలో డ్రోన్‌ని ఒకేచోట నిలబెట్టడం, సిగ్నల్ పోతే ఏం చేయాలో, ఇవన్నీ అక్కడ నేర్చుకోవచ్చు. మీకు ఇప్పుడు కావలసిందీ అదే. నగరంలో ఏ చోటు కుదురుతుందో ఆ పాత సభ్యులకి తెలిసినట్టు ఏ యాప్‌కీ తెలీదు.

రెండోది, ఊరి అంచున తెలిసినవాళ్ల స్థలం. మ్యాప్‌లో అనుమతి ఉండి, యజమాని సరేనంటే నేల, ఆకాశం రెండూ తేలిపోయినట్టే. కాలేజీ మైదానాలు సెలవు రోజుల్లో దొరుకుతాయి, ప్రిన్సిపాల్ సంతకం ఉంటే చాలు. నగరం నడిబొడ్డున వంతెనలు, ఎత్తయిన భవనాలు తీయాలన్న మీ కోరిక ఉంది చూశారూ, అది సరదాకి ఎగరేసేవాళ్లకి దాదాపు ఎక్కడా సులువుగా దొరకదు. దానికి పైలట్ సర్టిఫికెట్, నగరం పర్మిట్, ఇన్సూరెన్స్, ఒక్కోసారి పోలీసుల అనుమతి కావాలి. అసాధ్యం కాదు, కానీ రెండు నిమిషాల వీడియోకి రెండు నెలలు తిరగాలి. అంత ఓపిక ఉంటే సర్టిఫికెట్‌తో మొదలుపెట్టండి, అది ఉన్నవారి దరఖాస్తుని ఆఫీసుల్లో వేరుగా చూస్తారు. ఫ్లైఓవర్ పక్క స్థలం మాత్రం మర్చిపోండి. వాహనాల మీద ఎగరడం ఎక్కడా హర్షించరు, ఖాళీగా ఉన్నంత మాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు.

పెళ్లి విషయం. జనం గుంపు మీద ఎగరేయడం దాదాపు అన్ని దేశాల్లోనూ తప్పే, 249 గ్రాములైనా సరే. పెళ్లి జనం మీ చుట్టాలే కావచ్చు, రూల్‌కి వాళ్లూ గుంపే. బాబాయి సంతోషించి చేతిలో ఏమైనా పెడితే కొన్ని దేశాల్లో అది కమర్షియల్ పని కిందికి వెళ్తుంది, సర్టిఫికెట్ అడుగుతారు. బాబాయికి కుదరదని చెప్పి ఊరుకుంటే ఆయనకు నలుగురిలో తలవంపు. ఆయన పరువు నిలిచేలా ఒక మార్గం ఉంది. వేదిక ఉన్న చోట ఆకాశం అనుమతిస్తే, యజమాని ఒప్పుకుంటే, అతిథులు రాకముందు, తెల్లవారగానే అలంకరణ అంతా పైనుంచి తీసేయండి. జనం లేని ఆ వీడియోకి తర్వాత కింద తీసిన దృశ్యాలు కలుపుకోవచ్చు. వచ్చినవాళ్లలో ఎవరికీ తేడా తెలీదు. పెళ్లి జరిగేటప్పుడే తీయాలని ఆయన పట్టుబడితే లైసెన్సు ఉన్న ఆపరేటర్‌ని మాట్లాడుకోమనండి, మీరు ఆయనతో పక్కనుండి చూసుకోండి. మూసి ఉన్న హాలు లోపల చాలా దేశాల్లో విమానయాన రూల్స్ వర్తించవు కదా అని మీకు తట్టొచ్చు. వర్తించకపోయినా పిల్లల తలల మీద ప్రొపెల్లర్లు తిప్పడం నాకు నచ్చదు.

ఇక అమ్మడం. మీ ఆవిడ భయం డ్రోన్ మీద కాదనుకుంటాను. ఇంకోసారి పోలీసులు రావడం మీద. ఒకసారి ఆమెని క్లబ్బు మైదానానికి తీసుకెళ్లండి, పర్మిషన్ కాగితాలు చూపించండి. కొన్ని నెలలు అలా నడిచాక కూడా ఆమెకి నిద్రపట్టకపోతే, లేదా ఊరి అంచుదాకా వెళ్లే ఓపిక మీకే లేదని తేలితే, అప్పుడు అమ్మేయడం నష్టమేమీ కాదు. ఇప్పుడే కోపంలో అమ్మితే ‘నీ వల్లే’ అన్న మాట ఇంట్లో చాలాకాలం తిరుగుతుంది.

బాబాయిగారికి మాత్రం ఈ వారంలోనే ఫోన్ చేయండి. ఆలస్యమైతే వేరే వాళ్లని మాట్లాడుకోవడానికి ఆయనకు టైమ్ ఉండదు.